పాత చీర ఒక్కటీ లేదు!

మా అక్క కూతురికి మగపిల్లాడు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. ఆస్పత్రి నుంచే అక్క ఫోన్ చేసి, "ఒసేయ్, మెత్తటి పాత నూలు చీరలు ఓ నాలుగుంటే పట్రా. పొత్తిగుడ్డలకి కావాలి. నా బీరువాలో వెతికితే ఒక్కటి కనబడితే ఒట్టు" అంది.

"దానికేం భాగ్యం, గంటలో తెస్తా" అన్నాను ధీమాగా.

మా ఇంట్లో బీరువాలు మూడు. మూడూ తలుపు వేస్తే మూసుకోవు, తీస్తే ఆగవు. ఒక్కొక్క చీరే తీసి మంచం మీద పడెయ్యడం మొదలుపెట్టాను. జార్జెట్టు. షిఫాను. క్రేపు. ఆ తర్వాతవన్నీ 'లాంటివి'. పట్టు లాంటిది, లినెన్ లాంటిది, కోటా లాంటిది, చేత్తో పట్టుకుంటే గానీ అబద్ధమని తెలియని కాటన్ లాంటిది! లెక్కపెడితే మొత్తం డెబ్బై నాలుగు చీరలు తేలాయి. అందులో అసలు నూలువి పదకొండు. ఆ పదకొండూ గంజితో ఫెళఫెళలాడుతూ, సభలకీ సన్మానాలకీ మాత్రమే బయటికొచ్చే చీరలు. పచ్చి బాలింత బిడ్డ వంటికి తగిలితే గీరుకుపోయేట్టున్నాయి.

పాత చీర ఒక్కటీ లేదు.

నేను మంచం మీద ఆ గుట్ట పక్కనే చతికిలబడ్డాను. నవ్వొచ్చింది, కాస్త భయం కూడా వేసింది. మా అమ్మమ్మకి ఉన్నవి ఎనిమిదో తొమ్మిదో చీరలు. కానీ ఊళ్ళో ఎవరింట్లో పురుడొచ్చినా ఆవిడ పెట్టెలోంచి రెండు పాత చీరలు వెళ్ళేవి. డెబ్బై నాలుగు చీరలున్న మనవరాలి దగ్గర పిల్లాణ్ణి చుట్టడానికి బారెడు గుడ్డ లేదా?

ఆలోచిస్తే కారణం తెలుస్తూనే ఉంది. పాత చీర ఎక్కణ్ణుంచో ఊడిపడదు. కట్టి, ఉతికి, ఎండేసి, మళ్ళీ కడితే కొత్త చీరే పాతబడుతుంది. మా అమ్మమ్మ చీర ఒక ఉద్యోగి లాంటిది. ముందు పెళ్ళిళ్ళకి, పేరంటాలకి. కాస్త కళ తగ్గాక ఊళ్ళు వెళ్ళడానికి. తర్వాత ఇంట్లోకి. నడుము దగ్గర నీరుపట్టాక మధ్యకి చించి, చెంగులు లోపలికి వచ్చేట్టు అతుకు వేసి మరో ఏడాది. అదీ అయ్యాక ఉయ్యాలకి, పొత్తిగుడ్డలకి, బొంతకి. చివరికి మసిగుడ్డ. ఇన్ని ఉద్యోగాలూ చేస్తే గానీ దానికి పింఛను లేదు!

మరి మనం? ఇంట్లో నైటీ, బయటికి చుడీదారు, ఫంక్షన్‌కి చీర. ఫంక్షన్ చీర ఏడాదికి రెండుసార్లు కడితే ఎక్కువ. ఫొటోలో ఒకసారి పడ్డ చీర రెండోసారి పడకూడదని ఈ మధ్య ఇంకో నియమం కూడా పుట్టింది. అలాంటి చీర ముప్ఫై ఏళ్ళున్నా పాతబడదు, ఊరికే ముసలిదవుతుంది. ఇంట్లో కట్టుకునే నూలు చీరని నైటీ మింగేసింది. నైటీని నేను తిట్టను, ఈ వ్యాసం కూడా అదే వేసుకుని రాస్తున్నాను. కానీ పాత నైటీతో పిల్లాణ్ణి చుట్టమని ఏ అమ్మమ్మా అడగదు కదా.

బాలింత మంచం మీంచే పరిష్కారం చెప్పింది. "పిన్నీ, ఎందుకంత హైరానా? ఆన్‌లైన్‌లో మస్లిన్ గుడ్డలు వస్తాయిట. ముందే ఉతికి మెత్తబరిచినవి. మూడింటికి తొమ్మిది వందలు." అంటే మా అమ్మమ్మ పాతికేళ్ళు కట్టి ఉచితంగా ఇచ్చిన మెత్తదనాన్ని ఇప్పుడు మూరల చొప్పున కొనాలన్నమాట!

చివరికి అమ్మే ఆదుకుంది. తెనాలి నుంచి బస్సులో వస్తూ సంచీలో ఒక వెంకటగిరి చీర తెచ్చింది. 1994లో కొన్నది. నూరో నెంబరు నూలు. "పద్ధెనిమిదేళ్ళు కట్టానే దీన్ని" అని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పళ్ళతో అంచు కొరికి, సర్రున చించేసింది. నాకు గుండె జారింది. అమ్మకి ఏమీ కాలేదు. చీర అందుకే కదా అన్నట్టు ఆరు ముక్కలు చేసి, కుంకుడు రసంలో ఉతకమని అక్క చేతికిచ్చింది.

ఆ మర్నాడు నేను డెబ్బై నాలుగు చీరల గుట్టని వదిలించుకోవాలని నిశ్చయించుకున్నాను. చీరలు సరే, మా అమ్మాయి కొని పారేసిన టాపులూ లెగ్గింగులూ గోనెసంచీడున్నాయి. మా చిన్నప్పుడు పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చేవాళ్ళు వీధిలోకి వస్తే మా అమ్మకీ వాళ్ళకీ జరిగే వాదన హైకోర్టులో కూడా జరగదు. మూడు చీరలూ ఒక పాంటూ ఇస్తే మూతున్న గిన్నె వచ్చేది. అలాంటి మనిషే ఒకతను ఇప్పటికీ మా వీధికి నెలకోసారి వస్తాడు. పిలిచాను.

నేను ఇరవై ఏళ్ళుగా నవలలు రాస్తున్నాను, అప్పుడప్పుడు సమీక్షలు కూడా. కానీ అంత నిష్పక్షపాతంగా సమీక్ష చేసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఒక్కో బట్టా రెండు వేళ్ళ మధ్య నలిపాడు. వెలుతురుకి పట్టి చూశాడు. కుట్టు దగ్గర రెండు చేతులా గుంజాడు. మా అమ్మాయి టాపు ఒకటి టప్‌మని నోరు తెరిచింది. అతను దాన్ని ఎంతో మర్యాదగా మడిచి నాకే తిరిగి ఇచ్చాడు.

"ఇవేం పనికిరావమ్మా. నూలు గుడ్డయితే షెడ్డుల్లో మిషన్లు తుడుచుకోడానికన్నా కొంటారు. ఇవి నూనె పీల్చవు. జీన్సుంటే చూడండి."

మొత్తం గోనెకి ఒక ప్లాస్టిక్ టబ్బు ఇస్తానన్నాడు. అదీ నా మొహం చూసి!

నేను ఇంతకాలం పడ్డ పొరపాటు అప్పుడు అర్థమయింది. చవక బట్ట త్వరగా చిరిగిపోతుందని తిట్టుకుంటాం. నిజానికి పాలియెస్టర్ దారం చిరగదు. పెట్రోలియం నుంచి చేసిన దారం కదా, మట్టిలో పాతినా తొందరగా పోదు. పోయేది దాని మీద చేసిన పనితనం. కుట్టు జారుతుంది, ఉండలు కడుతుంది, జిప్పు మొరాయిస్తుంది, మెడ సాగుతుంది. గుడ్డ మాత్రం చిరంజీవి. ఉతికినప్పుడల్లా కంటికి కనబడని ప్లాస్టిక్ పోగులు నీళ్ళలోకి వదులుతుంటుంది. అంటే వేసుకోడానికి పనికిరాదు, పారేస్తే పోదు. ఇలాంటి చుట్టాలు మీకూ ఉండే ఉంటారు!

మా అమ్మాయి లెక్క వేరు. "మూడొందల తొంభై తొమ్మిదికి ఇంకేం వస్తుందమ్మా?" అంటుంది. కాయితం పెన్సిలూ తీసి ఇద్దరం కూచున్నాం. ఆ టాపు ఆరుసార్లు ఉతికాక పారేసింది. వేసుకున్న ఒక్కోసారికీ అరవై ఆరు రూపాయలు పైన పడింది. అమ్మ చీర పద్ధెనిమిదేళ్ళలో వారానికి ఒకసారి కట్టిందనుకున్నా తొమ్మిది వందల సార్లు దాటింది. "అప్పటి ధర, ఇప్పటి ధర ఒకటేనా?" అంది పిల్ల. ఒప్పుకుని, ఇప్పటి ధర పదిహేను వందలు వేశాను. ఒకసారికి రెండు రూపాయల లోపే. పిల్ల పెన్సిలు కొరుకుతూ, "కానీ పదిహేను వందలు ఒకేసారి ఉండాలి కదా!" అంది.

ఆ మాట దగ్గర నాకు నోరు పడిపోయింది. డబ్బున్నవాళ్ళకి మన్నిక చవక. లేనివాళ్ళకి చవకే ఖరీదు. ఈ సంగతి నా చేత ఎవరూ రాయించలేదు, కాయితం మీద తేలింది.

ఇంకో దెబ్బ వంటింట్లో తగిలింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడతో, "ఈ పాలియెస్టర్ చీరలు మానేసి రెండు నేత చీరలు కట్టుకో, నేను కొనిపెడతాను" అన్నాను గొప్పగా. ఆవిడ అంట్లు తోముతూ తలెత్తకుండానే, "వానాకాలం మూడు రోజులైనా ఆరదమ్మా అది. నాకున్నవి పనిలోకి కట్టే చీరలు మూడు. అయినా దానికి గంజి పెట్టి, ఇస్త్రీ చేసేదెవరు? మీవీ నేనేగా చేసేది?" అంది.

ఏం చెప్పను? అమ్మ కూడా ఆవిడ పక్షమే చేరింది. "నైలాన్ చీరలొచ్చినప్పుడు మాకెంత హాయిగా ఉండేదో నీకేం తెలుసే! గంజి వార్చక్కర్లేదు, నీలిమందక్కర్లేదు, నలుగురు పిల్లల్ని పెట్టుకుని జాడిస్తే అరగంటలో ఆరిపోయేది. మీ నాన్న టెరిలిన్ చొక్కా పదేళ్ళున్నా మడత నలగలేదు." నిజమే. టెరికాటన్ రోజుల్ని వెక్కిరించడం నాలాంటి వాళ్ళకి సులువు. గంజి చేతులతో వార్చినవాళ్ళు వేరే ఉన్నారు.

అయితే పనావిడే ఒక మాట చేర్చింది. ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ చూపించి, "స్టవ్ దగ్గర కొంగు అంటుకుంటే కాలిపోలేదమ్మా, కరిగి అంటుకుపోయింది. ఆర్పినా వదల్లేదు" అంది. నూలు కూడా అంటుకుంటుంది, అనుమానం లేదు. కానీ కాలితే బూడిదవుతుంది, ఇది పాకం లాగా చర్మాన్ని పట్టుకుంటుంది. పొయ్యి దగ్గర నిలబడేది మనం కాబట్టి ఇది మనకి చిన్న విషయం కాదు.

మూడొందల తొంభై తొమ్మిదికి టాపు ఎలా వస్తుందో కూడా తెలుసుకోవాలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గర సావార్ అనే చోట రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలిపోయింది. విదేశీ దుకాణాలకి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు అందులో ఉండేవి. ముందు రోజే గోడలకి పగుళ్ళు కనబడ్డాయి. కింది అంతస్తులో ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని పంపేసింది. కుట్టుపనివాళ్ళని మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి రమ్మన్నారు. పదకొండు వందల మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. జీతాలు పోతాయని భయపడి వచ్చినవాళ్ళు. వాళ్ళు కుట్టిన చొక్కా మీదుండే చీటీలో ఉతకడం ఎలాగో ఉంటుంది, కుట్టినామె పేరుండదు.

అలాగని 'చేనేత కొనండి' అని ఒక నినాదం రాసి కలం మూసేస్తే అది విమర్శ కాదు. అందుకే ఒకనాడు మంగళగిరి వెళ్ళాను. విజయవాడ నుంచి ఎంతో దూరం లేదు. ఒక ఇంట్లో గుంట మగ్గం దగ్గర కూచున్నాను. పడుగూ పేకా రెండూ ఎనభయ్యో నెంబరు నూలు. ఈ నెంబరు ఎంత పెరిగితే దారం అంత సన్నం. గుడ్డ మీద బొమ్మల్లేవు, బుటాల్లేవు, నేత దట్టంగా, అంచు చెదరకుండా ఉంది. ఆయన చీర నేస్తుంటే ఆమె రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. దేశంలో 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో 35 లక్షల పైచిలుకు పనివాళ్ళు తేలారు. వాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలే. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం మీద కూచునేది ఆడవాళ్ళే కాబట్టి ఆ లెక్క అంత పెద్దదయింది. మన దగ్గర మగ్గం ఆయనది, కండెలు ఆమెవి. కూలి మాత్రం చీరకింతని, ఇద్దరికీ కలిపి.

ఆమె కట్టుకున్నది పూల పాలియెస్టర్ చీర.

నేను చూడకూడదనుకుంటూనే చూశాను. ఆమె గమనించి నవ్వింది. "ఇది మూడొందలండీ. మేం నేసింది మేమే కట్టుకుంటే ఇల్లెట్లా గడుస్తుంది?" అంది. ఆ తర్వాత ఆయన, "సాదా చీర అడిగేవాళ్ళు తగ్గిపోయారమ్మా. జరీ పెట్టు, పెద్దంచు పెట్టు, కొత్త మోడలు చెయ్యి అంటారు. రోజూ కట్టుకోడానికని అడిగేవాళ్ళేరీ?" అన్నాడు.

నా విమర్శ అసలిక్కడే మొదలవుతుంది. చేనేతని మనం ఆల్బంలో పెట్టేశాం. ఆగస్టు ఏడున కట్టుకుని ఫొటో దిగుతాం. 1985లో చేసిన రిజర్వేషన్ చట్టం ప్రకారం కొన్ని రకాలు చేనేతలోనే నెయ్యాలి. కానీ వాటి నకళ్ళు మరమగ్గం మీద తయారై 'ఫలానా మోడల్' అన్న పేరుతో బజారంతా ఉన్నాయి. దుకాణంలో అమ్మాయి, "ప్యూర్ హాండ్లూమ్ మేడం" అని కళ్ళార్పకుండా అంటుంది. ఆ పిల్ల తప్పు లేదు, ఆమెకి చెప్పినవాడు అలా చెప్పాడు. ఖరీదైన నేతనేమో మ్యూజియం వస్తువు చేశాం. చవకదాన్ని రోజువారీ చేశాం. మధ్యన ఉండవలసిన సాదా, గట్టి, రోజూ కట్టుకునే చీర, నిజంగా పాతబడే చీర, అదే మాయమైపోయింది. పేదింట్లోనూ అది లేదు, మనింట్లోనూ లేదు.

ఇందులో మా రచయిత్రుల పాపం కూడా ఉంది. మా అమ్మ చదివిన సీరియళ్ళలో నాయిక గంజి పెట్టిన వాయిల్ చీర కట్టుకుంటే వారం తిరిగేసరికి ఊరంతా వాయిల్ చీరలే. నా నవల ఒకటి వారపత్రికలో వస్తుండగా పాఠకురాలొకరు ఉత్తరం రాశారు: "మీ నాయిక ఇప్పటికి ఇరవై మూడు చీరలు మార్చింది. గుమాస్తా కూతురు కదా, ఎక్కణ్ణుంచి వచ్చాయండీ? ఒక్కటి కూడా ఉతకదేం?" అప్పట్లో నాకు కోపమొచ్చింది. ఇప్పుడా ఉత్తరం దొరికితే ఫ్రేము కట్టిస్తాను. నా నాయికల్లో ఎవరికీ చీర చిరగలేదు, రంగు దిగలేదు, లంగా బొందు లోపలికి పోలేదు. జీవితంలో ఇవి జరగని ఆడది ఉందా?

కొనేటప్పుడు నేను ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్తాను. స్టీలు సామాను అబ్బాయి దగ్గర నేర్చుకున్న విద్యే. గుడ్డని వెలుతురుకి పడతాను, పోగులు ఎడంగా ఉంటే జల్లెడని తెలిసిపోతుంది. తడి జేబురుమాలతో ఒక మూల రుద్దుతాను, రంగు అంటితే వెనక్కి. తయారైన బట్టయితే తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. పైన ఎంబ్రాయిడరీకి పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు కుట్టుకి పెట్టరు. వదులు చేసుకోడానికి పక్కన వేలెడు గుడ్డన్నా వదలరు, ఓవర్‌లాక్ చేసి కత్తిరించేస్తారు. అంటే మీరు ఒళ్ళు చేస్తే మళ్ళీ వాళ్ళ దగ్గరికే రావాలి. అనుమానమొస్తే అంచున ఒక పోగు లాగి, ఇంటికొచ్చాక పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపిస్తాను. నూలయితే కాయితం కాలిన వాసన, వేలితో నలిపితే రాలిపోయే బూడిద. పాలియెస్టరయితే ముడుచుకుని గట్టి పూస అవుతుంది. అంతకంటే పెద్ద పరీక్షాశాల అక్కర్లేదు.

జాకెట్టు గుడ్డ విషయం ఒకటి మరిచిపోకూడదు. 'టూ బై టూ' అని అడిగి కొంటాం గానీ, అంటే ఏమిటో నాకు మొన్నటిదాకా తెలీదు. పడుగులోనూ పేకలోనూ రెండేసి దారాలు కలిపి పురిపెట్టిన నూలన్నమాట. అందుకే ఆ జాకెట్లు చంక దగ్గర అంత తొందరగా పోవు. తడిపి ఆరేశాకే దర్జీకివ్వాలని అమ్మ ఎన్నిసార్లు మొత్తుకుందో! లంగాలకి పాప్లిన్ గుడ్డ కొని కుట్టించాను. రెడీమేడ్ దాని కంటే డెబ్బై రూపాయలు ఎక్కువయింది. రెండేళ్ళయినా బొందు దగ్గర కుట్టు కదల్లేదు.

మంగళగిరిలో రెండు సాదా చీరలు కొన్నాను, ఒక్కోటీ పదమూడు వందల యాభై. గంజి మానేశాను. పనావిడ మాట అక్కడ నెగ్గింది. గంజి లేకపోతే నలుగుతుంది నిజమే, నలగనీ. మా వారు మొదటిరోజు చూసి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. రెండో వారం నుంచి అడగడం మానేశారు. సభకి కూడా ఆ నలిగిన చీరతోనే వెళ్తే ఒకావిడ పక్కకి పిలిచి, "ఏమండీ, ఎక్కడ కొన్నారు? రోజూ కట్టుకోడానికుంటుందా?" అని అడిగింది. చిరునామా కాయితం మీద రాసిచ్చాను.

పనావిడకి చీర కొనలేదు. అడిగితే, "చీర వద్దమ్మా, జీతం ఓ మూడొందలు పెంచండి, నేను చూసుకుంటా" అంది. పెంచాను. దసరాకి ఆవిడ తన డబ్బుతో ఒక నూలు చీర కొనుక్కుని వచ్చి చూపించింది. పనిలోకి మాత్రం పాలియెస్టరే. అది ఆవిడిష్టం.

ఎర్రంచు చీరకి ఇప్పటికి నలభై ఒక్క ఉతుకులయ్యాయి. బీరువా తలుపు లోపల పెన్సిలుతో గీతలు గీస్తున్నాను. చెంగు దగ్గర కాస్త మెత్తబడింది. అక్క మనవడు పాకుతున్నాడు. అమ్మ చించిన ఆరు ముక్కల్లో రెండు మిగిలాయట, మొహం తుడవడానికి ఇంకా అవే వాడుతోంది.